స్టెల్లారిస్ మీద లొల్లి: ఏది గేమ్ తప్పు, ఏది మన సెట్టింగ్ తప్పు

నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు దిక్కు స్టెల్లారిస్ అనే అంతరిక్ష సామ్రాజ్యాల కంప్యూటర్ గేమ్ ఆడేటోళ్లు నలుగురు కలిస్తే మాట రెండు తీర్లు నడుస్తది. "గేమంటే ఇది, మిగతావన్నీ టైంపాస్" అని ఒకరంటరు. "ఆటల 2350వ సంవత్సరం దాటినంక నత్త నడకే, పైసలు దండుగ" అని ఇంకొకరంటరు. చిత్రమేందంటే ఇద్దరూ ఆడేది ఒకటే గేమ్, ఇద్దరి చేతుల ఉన్నది ఇంచుమించు ఒకటే తీరు 8 జీబీ ల్యాప్‌టాప్. తేడా అంతా ఆట మొదలు కాకముందు, గెలాక్సీని తయారుచేసే స్క్రీన్ మీదనే పడ్తది. అక్కడి స్లైడర్ల (అంకెలు పెంచి తగ్గించే మీటల) దిక్కు చూడకుండ స్టార్ట్ నొక్కినోళ్ల ఫిర్యాదులు చానా వరకు వాళ్లు చేతులార తెచ్చుకున్నవే. మిగిలినవి నిజంగ గేమ్ తప్పులు. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

కొత్తోళ్ల కోసం జర చెప్పాలె. పారడాక్స్ కంపెనీ 2016 మే 9న విడుదల చేసిన గేమ్ ఇది. 2200వ సంవత్సరంల ఒక గ్రహం, ఒక సైన్స్ షిప్, ఒక కన్‌స్ట్రక్షన్ షిప్, మూడు కార్వెట్లు అనే చిన్న యుద్ధనౌకలతోని మొదలైతది. ఒకరి తర్వాత ఒకరు ఆడే టర్న్‌లు ఉండయి, కాలం నడుస్తనే ఉంటది, స్పేస్ బార్ కొడితే ఆగుతది. ఎవరూ ఏదీ మార్చకపోతే 2300 నుంచి మధ్య దశ, 2400 నుంచి చివరి దశ, 2500లో లెక్క తేలుతది. అంటే 300 ఏండ్ల ఆట. ఒక్క ఆదివారంల అయ్యేది కాదు.

ఇగ అందరూ తిట్టే సంగతి, స్లో అయ్యుడు. "గ్రాఫిక్స్ అన్నీ లో పెట్టినా ఫరక్ రాలే అన్నా" అని అడిగేటోళ్లు మస్తు మంది. రాదు మరి. బరువు గ్రాఫిక్స్ కార్డు మీద లేదు, ప్రాసెసర్ మీద ఉన్నది. 2018 డిసెంబర్‌ల వచ్చిన 2.2 వెర్షన్ నుంచి గ్రహం మీద ఉండే జనాభాల ప్రతి పాప్‌కు (జనాభాను లెక్కబెట్టే యూనిట్‌కు) ఒక ఉద్యోగం లెక్కగట్టాలె. ఏ పాప్ ఏ పనికి సరిపోతడు, దేనిల ఎక్కువ పుట్టిస్తడు, ఎక్కడికి వలస పోతడు, ఇదంతా మన సామ్రాజ్యంలనే కాదు, గెలాక్సీల కంప్యూటర్ నడిపే ప్రతి ఏఐ సామ్రాజ్యంల జరుగుతనే ఉంటది. పాప్‌లు పెరిగినకొద్దీ నెల మారుడు బరువైతది. కార్డు మార్చినా, షాడోలు తీసేసినా ఆ లెక్క తగ్గదు.

తగ్గించాలంటే పాప్‌లనే తగ్గించాలె. గెలాక్సీ సైజు 200, 400, 600, 800, 1000 నక్షత్రాలు అని ఐదు రకాలుంటది. 8 జీబీ ల్యాప్‌టాప్‌కు 400 చాలు. "400 అంటే చిన్నగుంటది గదా" అంటరు గానీ, ఆడి చూస్తే మన సరిహద్దు దాటి అవతల ఏమున్నదో తెల్వడానికే ముప్పై నలభై ఏండ్లు పడ్తది. ఏఐ సామ్రాజ్యాలు ఆరు, మహా అంటే ఎనిమిది. నివాసయోగ్య గ్రహాల స్లైడర్‌ను 0.5కు దింపాలె. 0.25 దాకా పోవచ్చు గానీ అప్పుడు వలస రాజ్యాలు కట్టుకునే ఆటనే పోతది, అంత తగ్గించొద్దు. గ్యారంటీ గ్రహాలు (మొదలయ్యే చోటుకు దగ్గర్ల కచ్చితంగ దొరికే నివాస గ్రహాలు) రెండు అని ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అది సున్నా చేస్తే మనకంటే ముందు ఏఐలే ఎండిపోతయి, పొరుగోడు బక్కచిక్కి కొట్లాటల మజా ఉండదు. జీనో కంపాటిబిలిటీ అని ఒక ఆప్షన్ ఉంటది, దాన్ని కచ్చితంగ ఆపేయండి. రెండు జాతులు కలిసి కొత్త సంకర జాతులు పుట్టుడు చూడ్డానికి ముచ్చటగుంటది గానీ, పుట్టిన ప్రతి రకానికీ లెక్క వేరేగ నడుస్తది. యాభై రకాల జాతుల జాబితా తెరుచుకునేదాకా ఆగుడు ఎవరికి ఇష్టం?

ఇంకొక ఉపాయం చానా మందికి తట్టదు. మధ్య దశను 2275కు, చివరి దశను 2350కి జరుపుకోవచ్చు. ఆట బరువెక్కే టైముకే చివరి ప్రమాదం (గెలాక్సీ మొత్తం మీద పడే పెద్ద దండు) వచ్చి మీద పడ్తది, ఖాళీగ కూసోని నెలలు లెక్కబెట్టే యాభై ఏండ్లు తప్పుతయి. టెక్నాలజీ ఖర్చు స్లైడర్ జోలికి పోకుండ ఇదొక్కటి మార్చినా చాలు, ఆట మొత్తం చిక్కగైతది.

కంప్యూటర్ దిక్కు రెండు మాటలు. ఛార్జర్ పెట్టకుండ ఆడితే చానా ల్యాప్‌టాప్‌లు ప్రాసెసర్ వేగాన్ని తగ్గిస్తయి. మే నెలల నల్గొండ ఎండ 44 డిగ్రీలు దాటినప్పుడు ఛార్జర్ పెట్టినా అదే జరుగుతది. లోపల వేడెక్కి ప్రాసెసర్ తనంతట తానే నిదానమైతది. పరుపు మీద పెట్టి ఆడేటోళ్లకు ఇది రెండింతలు. కింద గాలి పోయే సందు ఉండాలె, గంతే. చానా మంది "కొత్త అప్‌డేట్ తోని స్లో అయింది" అనుకునేది ఏప్రిల్, మే నెలల్లనే.

అయితే 2025 మే 5న వచ్చిన 4.0 వెర్షన్ సంగతి వేరు. పాప్‌లను ఒక్కొక్కటిగ కాకుండ గుంపులుగ లెక్కబెట్టి ఈ బరువునే తీసేస్తమని తెచ్చిన మార్పు అది. ఒక పాప్ ఉన్న చోట ఇప్పుడు వంద కనబడేది అందుకే. ఉద్దేశం మంచిదే. కానీ వచ్చిన రోజు బగ్‌లతోని వచ్చింది, కొన్ని ఆటలు మునుపటికంటే నిదానమైనయి, గ్రహాల స్క్రీన్ మొత్తం మారేసరికి పాత ఆటగాళ్లు కూడ ఏ బటన్ ఎక్కడున్నదని వెతుక్కున్నరు. తర్వాత ప్యాచ్‌ల మీద ప్యాచ్‌లు వచ్చినయి. నచ్చనోళ్లకు దారి ఉన్నది: గేమ్‌లు కొనే స్టీమ్ యాప్ లైబ్రరీల గేమ్ పేరు మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్, అండ్ల బీటాస్ అనే చోట పాత వెర్షన్ ఎంచుకోవచ్చు. 4.0కు ముందటి ఆఖరి వరుస 3.14. ఒక్కటి యాదిల పెట్టుకోండి, 3.14ల సేవ్ చేసిన ఆట 4.0ల నడవదు. నడుస్తున్న ఆట సగంల ఉన్నప్పుడు అప్‌డేట్ కానీయొద్దు, అయితే వెంటనే వెనక్కి మార్చుకోవాలె.

పాతోళ్లకు ఇంకొక దుఃఖం ఉన్నది. మొదట్ల ఓడలు పోయే తీరు మూడు రకాలుండె: హైపర్‌లేన్ (నక్షత్రం నుంచి నక్షత్రానికి గీసిన దారి), వార్ప్ (దారి లేకుండ నేరుగ పోవుడు), వార్మ్‌హోల్ (స్టేషన్ కట్టి తెరిచే సొరంగం). 2018 ఫిబ్రవరిల వచ్చిన 2.0 తోని అందరికీ హైపర్‌లేన్ ఒక్కటే చేసిన్రు. "మా స్వేచ్ఛ పోయింది" అని అప్పుడు మొదలైన లొల్లి ఇప్పటికీ ఆగలే. కానీ 2.0కు ముందు యుద్ధమంటే దొంగ పోలీస్ ఆట లెక్కనే ఉండె. నువ్వు వాని రాజ్యంల పడ్తవ్, వాడు నీ రాజ్యంల పడ్తడు, ఫ్లీట్లు (యుద్ధనౌకల గుంపులు) ఒకదాని వెనుక ఒకటి ఉరుకుడే. సరిహద్దు అనే మాటకు అర్థం లేకుండె. ఇప్పుడు పంతంగి టోల్‌గేట్ లెక్క, అటు పోయేదైనా ఇటు వచ్చేదైనా ఆ ఒక్క చోటు దాటే పోవాలె. ఆ చోటు నీ చేతుల ఉంటే వెనకున్న పది నక్షత్రాలకు కాపలా అక్కర్లేదు. మార్పు మంచిదేనని నా పక్కా మాట.

ఇరుకు దారులు ఎక్కువ కావాలంటే హైపర్‌లేన్ సాంద్రత స్లైడర్ తగ్గించాలె. ఆట మొదలైనంక సైన్స్ షిప్‌ను ముందుగాల సరిహద్దు దారులు వెతకడానికే పంపాలె, లోపలి నక్షత్రాల సర్వే తర్వాత చేసుకోవచ్చు. ఇరుకు దారి దొరికితే అవుట్‌పోస్ట్‌లను (నక్షత్రాన్ని మనది చేసే చిన్న స్టేషన్లను) అటు వరుసగ కట్టుకుంట పోవాలె. ఒక్కొక్కదానికి 100 అలాయ్స్ (ఓడలు, స్టేషన్లు కట్టే లోహం), మొదట్ల 75 ఇన్‌ఫ్లుయెన్స్ (పలుకుబడి). మధ్యల నక్షత్రాలు ఎగరేసి దూరంగ కడితే ఇన్‌ఫ్లుయెన్స్ ఇంకా ఎక్కువ గుంజుతది, కానీ పొరుగోడు ఆ దారి పట్టేటట్టున్నడంటే ఆ రేటు పెట్టాల్సిందే. అక్కడ అవుట్‌పోస్ట్‌ను దానికంటే పెద్ద స్టేషనైన స్టార్‌పోర్ట్‌గ పెంచి, గన్ బ్యాటరీనో హ్యాంగర్‌నో పెట్టి, ఎఫ్‌టీఎల్ ఇన్హిబిటర్ టెక్నాలజీ వచ్చేదాకా కాపాడుకోవాలె. అది వచ్చినంక అండ్లకు వచ్చిన శత్రువు వచ్చిన దారినే వెనక్కి పోవాలె తప్ప ముందుకు దాటలేడు.

"కోట కట్టిన గదా, అయినా లోపలికి ఎట్ల వచ్చిన్రు?" అనే ప్రశ్నకు జవాబులు మూడు. లోపల ఎక్కడనో సహజంగ ఏర్పడ్డ వార్మ్‌హోల్ (దూరపు నక్షత్రానికి పోయే సొరంగం) ఉండి దాన్ని మనం పట్టించుకోలేదు. లేకుంటే గేట్‌వే (దూరాల నడుమ కట్టిన ద్వారం) తెరుచుకుంది. లేకుంటే ఆట చివరికొచ్చి వానికి జంప్ డ్రైవ్ (హైపర్‌లేన్ లేకున్నా దుంకే ఇంజన్) దొరికింది. ఇవేవీ కాకపోతే, స్టేషన్ ఒక్కదాన్నే నమ్ముకున్నరన్నట్టు. స్టార్‌బేస్ శత్రువును ఆపి ఉంచడానికే, చంపడానికి ఫ్లీట్ కావాలె.

ఫ్లీట్ అంటే అలాయ్స్. ఈ గేమ్‌ల ఓడిపోయినోళ్ల ఆటను వెనక్కి తిప్పి చూస్తే పదిల తొమ్మిదిసార్లు అలాయ్స్ కాడనే తెలిసిపోతది. సైన్స్ షిప్‌కు 100 అలాయ్స్, అవుట్‌పోస్ట్‌కు 100, కాలనీ షిప్‌కు 200 అలాయ్స్ తోని పాటు 200 ఫుడ్, 200 కన్స్యూమర్ గూడ్స్. యుద్ధనౌకలు సరేసరి. 4.0కు ముందటి 3.ఎక్స్ వెర్షన్లల ఒక మెటలర్జిస్ట్ (అలాయ్స్ తయారుచేసే పాప్) 6 మినరల్స్ తిని 3 అలాయ్స్ ఇస్తడు. కాబట్టి మినరల్స్ లేకుండ ఫౌండ్రీలు (అలాయ్స్ కార్ఖానాలు) కట్టుకుంట పోతే నెల తిరిగేసరికి అంతా మైనస్. మైనింగ్ ముందు, ఫౌండ్రీ వెనుక. మొదటి రోజు ఆటను ఆపి చేతుల ఉన్న అలాయ్స్‌తో రెండో సైన్స్ షిప్ పెట్టుడు మంచి అలవాటు. కార్వెట్లు అప్పుడే అక్కర్లేదు, పొరుగోడు పిచ్చోడని తేలితే తప్ప.

ఆటల ఉండే మార్కెట్‌ల ఒక్కసారే వనరులు వందలకొద్దీ కొనేటోళ్లు నష్టపోతరు. మొదట్ల అండ్ల ఫీజే 30 శాతం, పైగ కొన్నకొద్దీ ధర ఎక్కుతది. నెలకు ఐదో పదో వచ్చేటట్టు ఆటోమేటిక్ కొనుగోలు పెట్టుకుంటే ధర మళ్ల దిగే టైమ్ దొరుకుతది. 3.ఎక్స్‌ల చెల్లించేది ఎనర్జీ, 4.0 నుంచి ట్రేడ్. పాత వీడియోలు చూసి ఆడేటోళ్లకు ఇక్కడనే తికమక.

"నా ఫ్లీట్ పవర్ 12 వేలు, వానిది 9 వేలు, అయినా నేనే ఓడిపోయిన. గేమ్ మోసం." ఈ మాట విననోళ్లు ఉండరు. ఆ అంకె మోసమే, కానీ గేమ్ దాచిపెట్టిందేం లేదు. ఫ్లీట్ పవర్ అనేది ఆయుధాల, కవచాల మొత్తం లెక్క. ఏ ఆయుధం ఎవని మీద పడ్తున్నదో దానికి తెల్వదు. లేజర్లు కవచం మీద 50 శాతం ఎక్కువ, షీల్డ్ (ఓడ చుట్టూ ఉండే శక్తి తెర) మీద 50 శాతం తక్కువ పని చేస్తయి. మాస్ డ్రైవర్ లాంటి తుపాకులు దానికి సరిగ్గ తలకిందులు. మిసైల్స్ షీల్డ్‌ను పట్టించుకోకుండ పోయి లోపల తగులుతయి గానీ అవతలోని దగ్గర పాయింట్ డిఫెన్స్ (మిసైల్స్‌ను కాల్చి పడగొట్టే చిన్న తుపాకులు) ఉంటే దారిలనే రాలిపోతయి. డిస్రప్టర్లు షీల్డ్‌నూ కవచాన్నీ రెండింటినీ దాటి పోతయి, కానీ దెబ్బ చిన్నది. వాడు మొత్తం కవచం తొడుక్కొని వచ్చినప్పుడు నీ 12 వేల ఫ్లీట్ అంతా మాస్ డ్రైవర్లే అయితే ఆ అంకె సగం కూడ చేయదు.

కాబట్టి యుద్ధం ప్రకటించక ముందే శత్రువు ఓడ మీద నొక్కి, షీల్డ్ ఎంత, కవచం ఎంత అని చూడాలె. వానికి షీల్డ్ ఎక్కువుంటే తుపాకులు, కవచం ఎక్కువుంటే లేజర్, తర్వాత ప్లాస్మా. షిప్ డిజైనర్‌ల ఆటో డిజైన్ టిక్ తీసేయాలె, అది అన్నీ కలగూర గంప చేస్తది. మన దిక్కు షీల్డ్ మంచిదా కవచం మంచిదా అంటే, షీల్డ్ కొట్లాట అయినంక తనంతట తానే నిండుతది, కవచం దెబ్బ తింటే స్టార్‌బేస్‌కు పోయి బాగు చేసుకోవాలె. దూర దేశం మీదికి పోయే ఫ్లీట్‌కు ఈ తేడా చిన్నది కాదు. ఇంకొకటి, పల్సార్ నక్షత్రం ఉన్న చోట ఎవరి షీల్డూ పని చేయదు. కవచం ఫ్లీట్ ఉన్నోడు శత్రువును అక్కడికి గుంజుకొస్తే సగం పని అయినట్టే.

2022 నవంబర్‌ల వచ్చిన 3.6 తోని ఇంకొక లెక్క చేరింది. టార్పెడోలు మోసే చిన్న ఓడలు, ఫ్రిగేట్లు వచ్చినయి, టార్పెడో దెబ్బ శత్రువు ఓడ ఎంత పెద్దదైతే అంత పెరిగేటట్టు చేసిన్రు. దాని ముందు "అన్నీ బ్యాటిల్‌షిప్‌లే కట్టు, కళ్లు మూసుకొని పో" అనే సలహా నడిచింది. ఇప్పుడట్ల పోతే చిన్న ఫ్రిగేట్ల గుంపు వచ్చి పెద్ద ఓడలను తినేస్తది. బ్యాటిల్‌షిప్‌ల ముందు కార్వెట్లో డిస్ట్రాయర్లో అడ్డం ఉండాలె, వాటి మీద పాయింట్ డిఫెన్స్ ఉండాలె. పాత సలహాలను ఇప్పటికీ పట్టుకొని తిరిగేటోళ్లే "గేమ్ బ్యాలెన్స్ పోయింది" అని ఎక్కువ అరుస్తరు. నాకైతే 3.6 ఈ గేమ్‌ల కొట్లాటకు వచ్చిన మార్పులల్ల అన్నిటికంటే మేలైనది.

యుద్ధం గెలిచి భూమి రాకపోవుడు ఇంకొక పెద్ద గొడవ. ఇండ్ల మాత్రం సగం తప్పు గేమ్‌దే, ఎందుకంటే స్క్రీన్ మీద ఈ సంగతి సూటిగ చెప్పదు. మామూలు యుద్ధంల కావల్సిన నక్షత్రం మీద ముందు క్లెయిమ్ (ఇది నాకు రావాలె అనే హక్కు) వేయాలె, దానికి ఇన్‌ఫ్లుయెన్స్ పోతది. తర్వాత అక్కడి స్టార్‌బేస్ పట్టాలె, అండ్ల జనం ఉన్న గ్రహాలుంటే ప్రతి ఒక్కదాని మీద సైన్యం దిగి గెలవాలె. రెండిట్ల ఒక్కటి మిగిలినా ఆ నక్షత్రం పూర్తిగ పట్టినట్టు కాదు. అవతల వార్ ఎగ్జాషన్ (యుద్ధ అలసట) అనే అంకె పెరుగుతనే ఉంటది. మనది 100 శాతం చేరినంక 24 నెలలు గడిస్తే శత్రువు మనల్ని స్టేటస్ కో (ఉన్నది ఉన్నట్టు ఆపే) ఒప్పందానికి బలవంతంగ కూసోబెట్టొచ్చు. అప్పుడు ఎవరు క్లెయిమ్ వేసి పూర్తిగ పట్టింది వాళ్లకు, మిగతాది పాత యజమానికి. శత్రువు రాజధాని చుట్టూ ఫ్లీట్ నిలబెట్టి రెండేండ్లు బాంబులేసినా, సైన్యం దింపకపోతే చేతికి చిప్పనే.

ఒక్కొక్క దాడి సైన్యానికి 100 మినరల్స్. అవి పోయే రవాణా ఓడలకు ఆయుధాలుండయి, కాబట్టి ఫ్లీట్ కంటే ఒక నక్షత్రం వెనుకనే నడిపించాలె. ఫ్లీట్ వెంట ఫాలో ఆర్డర్ పెట్టి మరిచిపోతే మొదటి స్టార్‌బేస్ కాడనే అన్నీ బూడిద. నేల మీది యుద్ధం గురించి ఆటగాళ్లు చెప్పే చెడు మాత్రం నిజం: రెండు దిక్కులా అంకెలు తగ్గుడు తప్ప అండ్ల ఆడడానికేం లేదు. ఇన్నేండ్లయినా దానికి మంచి రోజు రాలే.

ఏఐ సంగతి కూడ అంతే. కష్టం స్థాయి పెంచితే ఏఐకి వనరులల్ల బోనస్ దొరుకుతది గానీ తెలివి పెరగదు. అన్నిటికంటే కష్టమైన గ్రాండ్ అడ్మిరల్ స్థాయి ఏఐ అయినా ఫ్లీట్లను చిల్లరగ పంపుడు మానడు. మొదటి యాభై ఏండ్లు ఉతికి ఆరేస్తడు, తర్వాత మనతోని సరితూగలేక వెనకబడ్తడు. దీనికి అసలు మందు లేదు, ఉపశమనం ఉన్నది: స్కేలింగ్ డిఫికల్టీ ఆన్ చేస్తే బోనస్ మొదట్ల సున్నా ఉండి, ఏండ్లు గడిచినకొద్దీ పెరుగుతది. కమోడోర్ స్థాయి, దాని మీద స్కేలింగ్. మధ్యరకం ఆటగాడికి ఇదే సరిపోయే జోడీ.

చివరి దశల వచ్చే ప్రమాదాలే ఈ గేమ్‌కు ప్రాణం. ప్రెథోరిన్ దండు (జీవుల లాంటి ఓడలు) వస్తే వాటికి షీల్డ్ ఉండదు, అంతా కవచం, కండ. లేజర్, ప్లాస్మా పట్టుకొని పోవాలె. వాటి మిసైల్స్, చిన్న విమానాలు మన షీల్డ్‌ను దాటొస్తయి కాబట్టి మన ఓడలకు కవచం, పాయింట్ డిఫెన్స్. అన్‌బిడెన్ (వేరే లోకం నుంచి దిగే దండు) వస్తే దీనికి ఉల్టా, వాటికి కవచం లేదు, షీల్డే. తుపాకులు, మిసైల్స్ పని చేస్తయి, మనం షీల్డ్ కట్టుకోవాలె. గెలాక్సీల ఎవరన్న జంప్ డ్రైవ్ కనిపెడితే అన్‌బిడెన్ వచ్చే అవకాశం పెరుగుతది. కంటింజెన్సీకి (యంత్రాల దండు) రెండూ ఉంటయి, అక్కడ కలిపి కొట్టుడే. ముందుగాల రెండు రకాల డిజైన్లు తయారు పెట్టుకొని, వచ్చింది ఏదో తెలిసినంక ఫ్లీట్‌ను షిప్‌యార్డ్‌కు పంపి అప్‌గ్రేడ్ కొట్టాలె. ప్రమాదం బలం స్లైడర్ 25 రెట్ల దాకా పోతది. యూట్యూబ్‌ల చూసి 25 పెట్టుకునే పోరగాళ్లు గంటల తరబడి కట్టినదంతా ఒక్క సాయంత్రంల పోగొట్టుకుంటరు. మొదట 1, తర్వాత 2, ఆ తర్వాత చూద్దాం.

దోస్తులు కలిసి ఆడుడు గురించి. నెట్ ఎక్కువ అక్కర్లేదు, మొబైల్ హాట్‌స్పాట్ మీద కూడ నడుస్తది, ఎందుకంటే లెక్కంతా ఎవరి కంప్యూటర్‌ల వాళ్లదే జరుగుతది, నెట్ మీద పోయేది ఆర్డర్లే. కానీ అందుకే గుంపుల అన్నిటికంటే నిదానమైన ల్యాప్‌టాప్ ఎంత వేగం పోతే అందరిదీ అంతే. ఐదుగురిల నలుగురి దగ్గర గేమింగ్ మెషీన్లున్నా లాభం లేదు. అందరిదీ ఒకటే వెర్షన్, ఒకటే మాడ్‌లు (బయటోళ్లు చేసి గేమ్‌కు కలిపే మార్పులు) ఉండాలె, లేకుంటే అవుట్ ఆఫ్ సింక్ అని వచ్చి ఆట తెగుతది. వచ్చినప్పుడు హోస్ట్ (ఆట గది తెరిచినోడు) సేవ్ చేసి, అందరూ బయటికి పోయి, ఆ సేవ్ మీద మళ్ల గది తెరవాలె. ఒకరికి కరెంట్ పోతే వాని సామ్రాజ్యాన్ని ఏఐ నడుపుతది, వచ్చినంక తిరిగి కూసోవచ్చు. ఆ పావుగంటల ఏఐ చేసిన కంపు వాడే కడుక్కోవాలె.

ఒంటరిగ ఆడేటోళ్లు ఆటోసేవ్‌ను ఏడాదికొకసారి పెట్టుకుంటే కరెంట్ పోయినా పెద్ద నష్టం ఉండదు. ఐరన్‌మ్యాన్ (పాత సేవ్‌కు వెనక్కి పోనీయని పద్ధతి) మాత్రం ఒకే ఫైల్ మీద మళ్ల మళ్ల రాస్తది. రాస్తున్నప్పుడే డెస్క్‌టాప్ ఆరిపోతే ఆ ఫైల్ చెడిపోయే ప్రమాదం ఉన్నది. యూపీఎస్ లేనోళ్లు ఐరన్‌మ్యాన్ ఆశ వదులుకోండి, లేకుంటే డాక్యుమెంట్స్‌ల పారడాక్స్ ఇంటరాక్టివ్, అండ్ల స్టెల్లారిస్, అండ్ల సేవ్ గేమ్స్ ఫోల్డర్‌ను రోజూ వేరే చోటికి కాపీ చేసుకోండి. స్టీమ్ క్లౌడ్‌ల పెట్టిన సేవ్ అయితే ఆ ఫోల్డర్‌ల కనబడదు, కాబట్టి ఆట మొదలుపెట్టేటప్పుడే క్లౌడ్ టిక్ చూసుకోవాలె.

డీఎల్‌సీల (గేమ్‌కు విడిగ కొనే అదనపు భాగాల) ధర మీద అందరి తిట్లూ న్యాయమే. అన్నీ కలిపితే గేమ్ రేటుకు ఎన్నో రెట్లు. అయినా అన్నీ కొనే పని లేదు. కలిసి ఆడేటప్పుడు హోస్ట్ దగ్గర ఉన్న పెద్ద ఎక్స్‌పాన్షన్లు మిగతావాళ్లకు కూడ పని చేస్తయి. కాబట్టి గుంపుల ఒక్కరు కొని, వాళ్లే ఎప్పుడూ హోస్ట్ చేస్తే సరిపోతది. ఒంటరిగ ఆడేటోళ్లు ఒక్కటే కొనాలంటే 2017ల వచ్చిన యుటోపియా. రింగ్ వరల్డ్, డైసన్ స్పియర్ లాంటి పెద్ద కట్టడాలు అండ్లనే ఉన్నయి. అది కూడ స్టీమ్ సేల్ పడ్డప్పుడు, బేస్ గేమ్ మీద ఒక ఆట పూర్తిగ 2500 దాకా ఆడినంకనే.

4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్ల మీద మాత్రం ఏ స్లైడరూ స్టెల్లారిస్‌ను కాపాడలేదు. వాళ్లకు ఫ్రీఓరియన్ ఉన్నది. పైసలు అక్కర్లేదు, టర్న్ మీద టర్న్ నడుస్తది, నిదానమైనా ఆట చెడదు. బొమ్మలు సాదాగుంటయి, కానీ గ్రహాలు పట్టుడు, ఓడలు డిజైన్ చేసుడు, సరఫరా దారులు చూసుకునుడు అన్నీ అండ్ల ఉన్నయి.